ఉప్పేసిన నిమ్మనీళ్లు

ఆ ఇంట్లో రెండు రోజులుగా ఉప్పు అన్న మాట ఎవరూ ఎత్తడం లేదు.

మధ్యాహ్నం పప్పులో అది పడనే లేదు. రజియా మరిచిపోయింది. అహ్మద్ పాషా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు, భార్య వైపు చూశాడు, మళ్లీ కలుపుకున్నాడు. కూతురు సుమేరా ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపబోయి, తండ్రి ముఖం చూసి ఆ చేతిని మంచినీళ్ల గ్లాసు మీదికి మళ్లించింది. ముగ్గురూ చప్పిడి పప్పుతోనే అన్నం తిన్నారు. కూరలో ఉప్పు రవ్వంత తక్కువైతే ప్లేటు అవతలికి జరిపే మనిషి, పెరుగన్నం దాకా వచ్చినా నోరు విప్పలేదు. అదేదో తిట్టేసినా బాగుండేదని రజియాకు అనిపించింది.

చెయ్యి కడుక్కుని వచ్చాక విప్పాడు.

ఆ ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే నడుస్తాయి. అయితే అహ్మద్ పాషాకు నిజంగా కోపం వచ్చిందంటే తెలుగులోకి దిగుతాడు. మణుగూరు బజారులో తండ్రి పెట్టిన బట్టల కొట్టును నడుపుతున్నవాడు, గట్టిగా చెప్పాల్సిన మాటలన్నీ గిరాకీల దగ్గర తెలుగులోనే చెప్పి అలవాటైనవాడు. అందుకే ఆయన "రజియా, ఇటొచ్చి కూసో" అనగానే సుమేరా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్లి, అందరు పిల్లల్లాగే తలుపు చాటున నిలబడింది.

"ఒక్కటే అడుగుత," అన్నాడు అహ్మద్ పాషా. "రంజాన్ల మన సుమేరా రోజా ఉన్నది అనుకో. ఒకామెను నమ్మి ఆమె ఎంట పంపినం. ఆమె తెలిసి తెలిసి మన బిడ్డకు నీళ్లు తాపింది. నువ్వు ఊకుంటవా?"

రజియా ఎంగిలి ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చింది, విడదీసింది, మళ్లీ పేర్చింది.

"చెప్పు. ఊకుంటవా?"

"ఊకోను."

"మరి వాళ్లెట్ల ఊకుంటరు?"

మంగళవారం సాయంత్రం నుంచీ ఇదే ప్రశ్న ఆమెను నిలబడనివ్వడం లేదు, కూర్చోనివ్వడం లేదు. కుట్టుమిషను తొక్కబోతే దారం తెగుతోంది. బయటికి వస్తే ఎందుకు వచ్చిందో గుర్తుండడం లేదు. ఇప్పుడు మొగుడు ఆ ప్రశ్నను పైకి అన్నాడు, అంతే.

మంగళవారం ఏన్కూరు గ్రౌండులో ఆడపిల్లల ఫుట్‌బాల్ సెమీఫైనల్ జరిగింది. మణుగూరు పిల్లలు గెలిచారు. గెలిపించిన గోల్స్ రెండూ సువర్ణవి. సువర్ణ ఊరి అవతల, అడవి అంచున ఉన్న లంబాడీ తండాలో భద్రు, హేమ్లిల కూతురు. ఆ పిల్ల పరుగు అందుకుంటే ఎదుటి జట్టు పిల్లలు ఆగి చూస్తారు, అదీ వరస.

ఆ వారం తండాలో తీజ్ నడుస్తోంది. పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, ఉప్పూ కారం ముట్టకుండా, పొద్దునా సాయంత్రమూ వాటికి నీళ్లు పోసి పాటలు పాడే పండుగ. ఆ రోజుల్లో పిల్లను తండా దాటనివ్వడమే పెద్ద సంగతి. హేమ్లి దాటనిచ్చింది. రజియా ముఖం చూసి దాటనిచ్చింది. సాయంత్రం నీళ్ల వేళకు పిల్ల ఇంట్లో ఉండాలనీ, ఉప్పు మాత్రం తగలకూడదనీ, ఇదంతా నీ జిమ్మేదారి అక్కా అనీ చెప్పి మరీ ఆటో ఎక్కించింది.

రజియా ఆ జట్టుకు టీమ్ పేరెంట్. ఆ పేరును కోచ్ వీరన్న ఏదో శిక్షణ శిబిరానికి వెళ్లి పట్టుకొచ్చాడు. జీతం లేదు, కుర్చీ లేదు. నిమ్మకాయలు పిండాలి, వాచిన మడమలకు ఐసు పెట్టాలి, ఎవరి బూట్లు ఎవరు తొడుక్కున్నారో తేల్చాలి, పంపనన్న తల్లులకు ఫోన్లు చేసి బతిమాలాలి. అన్నిటికంటే ముఖ్యం, తీసుకెళ్లిన పిల్లల్ని తీసుకెళ్లినట్టే ఇళ్లకు చేర్చాలి. పిల్లలకు ఆ ఇంగ్లీషు పేరు నోరు తిరగక కాదు గానీ, ముద్దొచ్చి టీమ్ అమ్మ అని మార్చుకున్నారు. ఆ పిలుపు మొదటిసారి విన్ననాడు రజియా ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంది. ఎవరికీ చెప్పలేదనుకోండి.

ఏన్కూరుకు ఆమె రెండు రకాల నీళ్లు తీసుకెళ్లింది. పెద్ద స్టీలు క్యానులో ఉప్పూ చక్కెరా వేసిన నిమ్మనీళ్లు అందరికీ. ఎర్రమూత సీసాలో ఉప్పు లేనివి, సువర్ణ ఒక్కదానికి. హాఫ్‌టైముకు ముందే సువర్ణకు పిక్క పట్టేసింది. పిల్ల ఒంటికాలి మీద కుంటుతూ వచ్చి క్యాను పక్కన కూలబడింది. రజియా ఎర్రమూత సీసా తీస్తే చేత్తో నెట్టేసింది.

"అవి కాదాంటీ. క్యాన్లవి ఇయ్యి. ఉప్పు లేకుంటే కాలు కదల్తలేదు. ఇంట్ల చెప్పకు," అంది.

కళ్లనిండా నీళ్లు పెట్టుకుని ఆటకోసం అడిగిన పిల్లకు లేదనడం రజియాకు చేతకాలేదు. గ్లాసు ముంచి ఇచ్చింది. చెప్పనని మాట కూడా ఇచ్చింది. పిల్ల ఇంకో గ్లాసు అడిగితే అదీ ఇచ్చింది. ఇవ్వడం టీమంతా చూసింది. అడగడం విన్నది మాత్రం పక్కనే గ్లౌజులు విప్పుకుంటున్న గోల్‌కీపర్ సుమేరా ఒక్కతే.

బుధవారం పొద్దున సువర్ణ బుట్టలో మొలకల కొసలు పాలిపోయి కనిపించాయి. తండా ఆడవాళ్లు ఆరా తీశారు. జట్టులోనే ఉన్న తోటి పిల్ల ఒకతి క్యాను సంగతి బయటపెట్టింది. సువర్ణను నిలదీస్తే, రజియా ఆంటీ ఇస్తే తాగాను, అందులో ఉప్పుందని నాకు తెలియదు అని ఏడ్చింది. ఆ మాట తండా దాటి, గనుల కాలనీ దాటి, బట్టల కొట్టుకు చేరేసరికి, టీమ్ అమ్మ కావాలనే లంబాడీ పిల్ల వ్రతం చెడగొట్టిందన్నట్టుగా తయారైంది.

"గిరాకీ పోతే పోనీ, దాని ఫికర్ లేదు నాకు," అంటున్నాడు అహ్మద్ పాషా. "రేపు భద్రు ఎదురైతే నా మొఖం ఏడ పెట్టుకోవాలె? మా నాయిన సచ్చిపోయిననాడు గోరీ తవ్వనీకి పార పట్టుకొని వచ్చినోడు ఆడు."

"నాకెరుక."

"ఎరికుండి ఎందుకు ఇచ్చినవ్?"

వంటింటి తలుపు కిర్రుమంది. "అబ్బాజాన్, అమ్మీ ఊకెనే ఇయ్యలే..." అంటూ సుమేరా అడుగు బయట పెట్టింది. రజియా ఒక్క చూపు చూసింది. మిషను మీద బట్ట జారిపోతుంటే అదిమిపట్టే చూపు అది. సుమేరా నోరు మూసుకుంది గానీ లోపలికి పోలేదు.

"ఊకెనే ఇయ్యకుంటే మరెందుకు ఇచ్చింది?" అన్నాడు తండ్రి.

తల్లీ కూతుళ్లిద్దరూ నేల చూశారు.

సరిగ్గా అప్పుడే ఇంటి ముందు మోటారుసైకిలు ఆగింది. వీరన్న డ్యూటీ దిగి ఇంటికి పోకుండానే వచ్చినట్టున్నాడు, కనుబొమ్మల మీద బొగ్గుపొడి ఇంకా అలాగే ఉంది. గనిలో డంపరు నడుపుతాడు. షిఫ్టు అయ్యాక పిల్లలకు ఆట నేర్పుతాడు. పుట్టింది ఇంకో తండాలో, కాపురం కాలనీలో. రెండు పక్కలా మాట పడే మనిషి కాబట్టి ఏ పక్కకు వెళ్లినా సంజాయిషీ ఇస్తున్నట్టే ఉంటాడు.

చాయ్ వద్దన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తండా నుంచే వస్తున్నాననీ, హేమ్లితో మాట్లాడాననీ చెప్పాడు. శనివారం బుట్టలు వాగులో కలిపేస్తారు, తీజ్ అయిపోతుంది. ఆదివారం కొత్తగూడెంలో ఫైనలు. తండా పిల్లలు నలుగురినీ పంపడానికి హేమ్లి ఒప్పుకుంది, మిగతా ముగ్గురి తల్లులదీ ఆమె మాటే. కాకపోతే వాళ్ల వెంట రజియా ఉండకూడదు. ఇంకెవరినైనా చూసుకొమ్మంది.

రజియా చేతిలో చీర అంచు ఉంది. దాన్ని మడిచింది. మడిచినదాన్నే మళ్లీ మడిచింది.

"మంచిది," అన్నాడు అహ్మద్ పాషా. "ఆమె చెప్పింది న్యాయమే. నా పెండ్లాం ఇగ రాదు. ఇంకో మాట కూడ ఇను వీరన్నా. సుమేరా కూడ రాదు."

వీరన్న బిత్తరపోయాడు. "గట్లంటే ఎట్ల పాషా భాయ్. గోల్ల నిలవడేది సుమేరా ఒక్కతే. ఆ పొల్ల లేకుంటే ఫైనల్ ఎవల్తోటి ఆడాలె?"

"మొదటి దినమే చెప్పిన గద. తల్లి ఎంట ఉన్నన్ని దినాలే బిడ్డకు ఆట. అప్పుడు నువ్వు కూడ అవ్ అన్నవ్."

అది నిజమే. అహ్మద్ పాషా కఠినుడేం కాదు. కూతురు ఎగిరి బంతి పట్టుకున్న ఫోటోను కొట్టులో ఎవరికీ కనపడనంత ఎత్తులో, తనకు మాత్రం కనపడేట్టు అంటించుకున్నవాడు. కానీ పొరుగూళ్లకు పోయే ఆట, ఎదిగే పిల్ల. తమ్ముళ్లూ బావమరుదులూ నాలుగు మాటలన్నప్పుడు ఆయన ఒక్కటే జవాబు చెప్పుకున్నాడు, వాళ్లమ్మ పక్కనే ఉంటుంది కదా అని. ఇప్పుడా జవాబు చేతిలో లేకుండా పోయింది.

తలుపు దగ్గర సుమేరా నిలబడే ఉంది. ఏడవలేదు. తల్లి వైపు మాత్రం కన్నార్పకుండా చూసింది. ఒక్క మాట చెప్తే అయిపోతుంది కదా అన్న చూపు అది. నిజమే, ఒక్క మాటే. సువర్ణే అడిగిందని రజియా చెప్పేస్తే తాను నిర్దోషి. టీమ్ అమ్మ పేరు నిలుస్తుంది, సుమేరా ఆట నిలుస్తుంది. అయితే ఆ మాటతో తండాలో ఆ పిల్ల ఏమవుతుంది? వ్రతంలో ఉండి, తెలిసి ఉప్పు అడిగి తాగి, తల్లి ముందు అబద్ధమాడిన పిల్లకు మళ్లీ ఎవరు బూట్లు కొనిస్తారు?

"నేను తండాకు పోయొస్త," అంది రజియా.

"పోయి ఏం చెప్తవ్?" అన్నాడు మొగుడు.

ఆమెకు తెలియదు. అయినా బురఖా అందుకుంది. అహ్మద్ పాషా అడ్డం చెప్పలేదు. తప్పు చేసినవాళ్లు వెళ్లి అడుక్కోవడం ఆయన లెక్క ప్రకారం మంచిపనే.

సుమేరా కూడా భుజాన సంచీ తగిలించుకుని వచ్చి ఆటోలో కూర్చుంది. రమ్మని ఎవరూ అనలేదు. ముసురు పట్టి ఉంది. బొగ్గు లారీలు తొక్కిన రోడ్డు మీద ఆటో పడుతూ లేస్తూ పోతోంది. కాలనీ చివరి ఇళ్లు వెనకబడ్డాయి. అప్పుడు సుమేరానే మాట ఎత్తుకుంది, ఇంజను చప్పుడులో డ్రైవరుకు వినపడకుండా.

"ఎందుకు చెప్తలేవ్ అమ్మీ?"

"చెప్పనని మాట ఇచ్చిన."

"సువర్ణ నీ పేరు చెప్పింది గద."

"చిన్నపిల్ల. భయపడ్డది."

సుమేరా కాసేపు బయటికి చూసింది. "నేను చిన్నపిల్లను కాదా?"

రజియా కూతురి చెయ్యి పట్టుకోబోయింది. సుమేరా ఆ చేతిని సంచీ కింద దాచుకుంది. ఇద్దరి మధ్యా సీటులో జానెడు ఖాళీ ఉంది. ఆటో ఎన్నిసార్లు కుదిపినా ఆ జానెడు తగ్గకుండా సుమేరా ఊచ పట్టుకుని కూర్చుంది. ఊళ్లో పిల్లలందరికీ తల్లినయ్యానని మురిసిన మనిషికి ఆ జానెడు చాలా దూరంగా తోచింది.

తండాలో తీజ్ బుట్టల్ని మంచె మీద వరసగా పెట్టారు. పచ్చగా, దట్టంగా మొలకలు. సాయంత్రం నీళ్ల వేళయింది. ఆడపిల్లలు బిందెలు పట్టుకుని, వాళ్ల భాషలో పాడుతూ తిరుగుతున్నారు. రజియా ఆటో దిగగానే పాట ఒక్కసారిగా సన్నబడింది, ఆగలేదు గానీ. వరసలో చివరి బుట్ట దగ్గర సువర్ణ ఉంది. ఆ ఒక్క బుట్టలో మొలకలు పసుపు తిరిగి వాలాయి. రజియాను చూసి ఆ పిల్ల తల వంచుకుని, పోసిన చోటే మళ్లీ నీళ్లు పోసింది.

హేమ్లి ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. లేవలేదు. అట్లాగని ముఖం తిప్పుకోనూ లేదు. "కూసో అక్కా," అని మంచంలో జరిగింది. సుమేరా దూరంగా ఆటో దగ్గరే ఉండిపోయింది. హేమ్లి లోపలికి వెళ్లి ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తాగు," అంది. "ఉప్పెయ్యలే."

రజియా చెంబు అందుకుంది. ఆ చెంబును ఆమె ఎరుగును. మూతి అంచు దగ్గర చిన్న సొట్ట ఉంటుంది. మొన్నటి రంజాన్‌లో భద్రు చెల్లెలి పెళ్లికి రవికెల కొలతలు తీసుకోవడానికి ఇక్కడికే వచ్చింది. ఎండలో పడి వచ్చిన మనిషికి హేమ్లి ఈ చెంబుతోనే నీళ్లిచ్చింది. రోజా ఉన్నాను, పొద్దు గూకేదాకా ముట్టను అని రజియా అంటే, చెంబును నీడలో పెట్టి, పైన ఆకు కప్పి, పక్కనే కూర్చుంది. వెళ్లనివ్వలేదు. అడవిలో అజాన్ వినపడదని పదే పదే ఫోను చూసింది. వేళ అయ్యాక మొదటి గుక్క రజియాతో తాగించింది. అప్పటిదాకా తానూ తాగలేదని, హేమ్లి మిగతా చెంబు ఖాళీ చేసినప్పుడు గానీ రజియాకు తెలియలేదు.

ఇప్పుడా చెంబును రజియా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"ఆ దినం యాదికున్నదా?" అంది హేమ్లి.

"ఉన్నది."

"నీ రోజాను నేను కావలి కాసిన. నా బిడ్డ వ్రతం నీ చేతుల పెట్టిన." గొంతు పెంచలేదు. పక్కింటి కబురు చెప్తున్నట్టే చెప్పింది, అందుకే రజియాకు ఎక్కువ తగిలింది. "ఒక్క మాట చెప్పు అక్కా. తెల్వక ఇచ్చినవా, తెలిసి ఇచ్చినవా?"

తెలియక అంటే తేలిపోతుంది. సీసాలు తారుమారయ్యాయి, హడావుడిలో చూసుకోలేదు అంటే సరి. హేమ్లి కూడా నమ్మినట్టు ఊరుకుంటుందేమో. దారి పొడుగునా రజియా ఆ మాటలనే కూర్చుకుంటూ వచ్చింది. తీరా చెంబు చేతిలో పెట్టుకుని ఆ అబద్ధం చెప్పలేకపోయింది.

"తెలిసే ఇచ్చిన."

హేమ్లి తలాడించింది. "నా బిడ్డకు తెల్వదా?"

మంచె దగ్గర నీళ్ల చప్పుడు ఆగింది. రజియా అటు చూడకూడదనుకుంది, చూసింది. సువర్ణ బిందె ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుని ఉంది. ఆ కళ్లే, మంగళవారం క్యాను దగ్గర చూసిన కళ్లు.

"దానికి తెల్వదు," అంది రజియా.

"మొదటి గ్లాసు తెల్వక తాగింది అనుకుంట. రెండోది?"

రజియా చెంబును ఇంకో చేతికి మార్చుకుంది.

"ఉప్పు నాలిక మీద పడితే సంకల పిల్ల కూడ మొఖం తిప్పుతది అక్కా. నా బిడ్డ రెండు గ్లాసులు తాగిందంట. నేనేమన్న పిచ్చిదాన్నా?"

"పిక్క పట్టింది. నొప్పిల దానికి ఏం తెలుస్తది..."

"నా కండ్లల్ల చూసి చెప్పు."

రజియా చూడలేకపోయింది. చెంబు అంచున సొట్టను వేలితో రాస్తూ కూర్చుంది. చెప్పేస్తే అయిపోతుందని ఒక మనసు, మాటిచ్చావు కదా అని ఇంకో మనసు. ఆటో దగ్గర తన కడుపున పుట్టిన పిల్ల నిలబడి ఉంది, మంచె దగ్గర తనను టీమ్ అమ్మ అని పిలిచిన పిల్ల నిలబడి ఉంది. ఎవరి వైపు నోరు తెరిచినా రెండో పిల్లను ముంచినట్టే.

హేమ్లి చాలాసేపు ఎదురుచూసింది. నిజంగానే ఎదురుచూసింది. తర్వాత చెంబు తీసుకుని పక్కన పెట్టింది.

"వ్రతం చెడితే చెడ్డది. పిల్లలు, తప్పు చేస్తరు. మా పెద్దమనుషులు ఏదో ఒక దారి చెప్తరు, చేస్కుంటం. నా కోపం గా ఉప్పు మీద కాదక్కా. నిన్నటి సంది నా బిడ్డ నా ముంగట అబద్ధం ఆడుతున్నది. నాకు తెలుసు. అది నోరు ఇప్పుతదని నేను చూస్తున్న. నువ్వు వచ్చి దాని అబద్ధానికి తలుపు మూస్తున్నవ్." ఆగింది. మంచె వైపు చూసింది. "టీముకు అమ్మవైతే కావచ్చు నువ్వు. నా బిడ్డకు నేనే తల్లిని. మా ఇద్దరి నడుమకు ఎందుకు వచ్చినవ్?"

ఈ మాట రజియా ఊహించలేదు. తిట్లు ఊహించింది, శాపనార్థాలు ఊహించింది, బుట్ట చూపించి ఏడుస్తారని ఊహించింది. అన్ని నిందలూ నెత్తిన వేసుకుని పిల్లను కాపాడుతున్నానని ఎక్కడో లోపల కాస్త గర్వం కూడా ఉంది ఆమెకు. ఆ గర్వం కాస్తా ఇప్పుడు సిగ్గయి కూర్చుంది.

"ఆదివారం నలుగురు పిల్లలు వస్తరు. మాట ఇచ్చిన, తప్పను," అంది హేమ్లి. "నువ్వు రావద్దు."

రజియా లేచింది. క్షమించమని అడగడానికి వచ్చిన మనిషికి, ఆ మాట అడగనే లేదని ఆటో దగ్గరికి సగం దూరం నడిచాక గుర్తొచ్చింది. వెనక్కి తిరిగే ధైర్యం లేక ముందుకే నడిచింది.

ఆటో దగ్గరికి ఆమెకంటే ముందు సువర్ణ చేరింది. మంచె చుట్టూ తిరిగి, అడ్డదారిన, తల్లికి కనపడకుండా పరుగెత్తి వచ్చింది. పరుగులో దానికి సాటి లేదు కదా. సుమేరా ముందు నిలబడి లంగా అంచును వేళ్లకు చుట్టుకుంది.

"సుమీ, ఆదివారం..." అంది చివరికి.

"నేను రాను," అంది సుమేరా. "మా అమ్మీ రాకుంటే నాకు ఆట లేదు. నీకు తెలుసు గద."

సువర్ణకు తెలుసు. టీములో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ సంగతి ఇప్పటిదాకా తన అబద్ధానికి ముడిపెట్టి చూసుకోలేదని ఆ పిల్ల ముఖమే చెప్పింది. పొట్టి జడలు రెండూ వానకు తడిసి మెడకు అంటుకున్నాయి.

సుమేరా సంచీలోంచి గోల్‌కీపర్ గ్లౌజులు తీసింది. నిరుడు టోర్నమెంటులో అరచేతుల దగ్గర చిరిగితే రజియా కొట్టులోని రెగ్జిన్ ముక్కలు వేసి కుట్టిచ్చినవి. వాటిని ఇంటి నుంచి ఎందుకు మోసుకొచ్చిందో రజియాకు అప్పుడు అర్థమైంది. ఈ పిల్ల అన్నీ ఆలోచించుకునే ఆటో ఎక్కింది.

"ఇవి నువ్వు ఉంచుకో," అని సువర్ణ చేతిలో పెట్టింది. "ఎవరో ఒకరు నిలవడాలె గద గోల్ల."

విసిరేయలేదు. కోపంగా కూడా అనలేదు. ఇచ్చి, ఆటో ఎక్కి, ఇందాకటిలాగే ఊచ పట్టుకుని కూర్చుంది.

రజియా సువర్ణ తల మీద చెయ్యి వేయబోయి, హేమ్లి మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎప్పుడూ ఆమె చేసే పనే అది, ఏ పిల్ల ఎదురైనా తల నిమరడం. ఈసారి ఆ చేత్తో ఏం చెయ్యాలో తెలియక బురఖా సర్దుకుని ఎక్కింది.

ఆటో బురదలోంచి మెల్లగా కదిలింది. రజియా వెనక్కి తిరిగి చూసింది. సువర్ణ గ్లౌజులు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అవతల మంచె మీద ఆ పిల్ల బుట్ట, కింద బిందె, తోటి పిల్లలు నీళ్లు పోసి రమ్మని చేతులూపుతున్నారు. సువర్ణ మంచె వైపు రెండడుగులు వేసింది, ఆగింది. తర్వాత మళ్లి ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది, తల్లి కూర్చున్న మంచం వైపు. మామూలుగా పరుగెత్తే పిల్ల, చాలా నెమ్మదిగా నడుస్తోంది.

పిల్ల ఒక్కతే పోతోంది, భయపడుతుంది, తల్లి ఏమంటుందో ఏమో, పక్కన ఒక మనిషన్నా ఉండాలి కదా అని రజియాకు అనిపించింది. "బాబూ, ఆటో ఆపు జెర," అంటూ ముందుకు వంగింది.

సుమేరా తల్లి మోచెయ్యి పట్టుకుంది. వచ్చేటప్పుడు దాచుకున్న చెయ్యే అది.

"వద్దమ్మీ. నువ్వు నడుమకు పోకు."

డ్రైవరు ఆపాలా వద్దా అని అద్దంలో చూశాడు. రజియా సీటులోకి వెనక్కి జరిగింది. పోనిమ్మని చేత్తో సైగ చేసింది. కూతురి చెయ్యి మోచేతి మీద అలాగే ఉంది.

ఆటో తండా దాటుతుండగా ఆమె మరోసారి తిరిగి చూసింది. సువర్ణ మంచం ముందు నిలబడి, గ్లౌజులు రెండూ ముందుకు చాచి ఏదో చెప్తోంది. హేమ్లి మంచం మీంచి లేచింది. ఆ తర్వాత టేకుచెట్లు అడ్డం వచ్చాయి.